మత్తు అలవాటు, చికిత్స: చీమకుర్తి కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలు

చీమకుర్తి అంటే గెలాక్సీ గ్రానైట్. ఆ నల్లరాయిని తీసే క్వారీల్లో, పాలిష్ పట్టే ఫ్యాక్టరీల్లో స్థానికులతో పాటు వేరే రాష్ట్రాల కూలీలూ పని చేస్తారు. లారీలు వచ్చిపోయే ఊరు, చేతిలో రోజు కూలీ ఆడే ఊరు. ఇలాంటి చోట మద్యం దొరకడం కష్టం కాదు, వెతికేవాడికి గంజాయీ దొరుకుతుంది. దాన్నుంచి బయటపడే దారి ఎక్కడుందో మాత్రం చాలా ఇళ్లకు తెలియదు.

ముస్లిం ఇళ్లలో ఇంకో బరువు కూడా ఉంది. మత్తు హరామ్ కాబట్టి "మా అబ్బాయికి అలవాటైంది" అని చెప్పుకోవడానికే నోరు రాదు. చెల్లెలి సంబంధం చెడిపోతుందేమో, మస్జిద్‌లో నలుగురూ ఏమంటారో అనే భయంతో ఏళ్ల తరబడి దాచిపెడతారు. తీరా ఆసుపత్రికి వెళ్లేసరికి లివరో, ఉద్యోగమో, కాపురమో పాడైపోయి ఉంటుంది.

కురిచేడులో ఏం జరిగింది?

2020 జులై చివర్లో ప్రకాశం జిల్లాలోనే కురిచేడులో 10 మందికి పైగా శానిటైజర్ తాగి చనిపోయారు. కరోనా కట్టడి వల్ల అక్కడ మద్యం షాపులు మూసేశారు. తాగుడుకు అలవాటు పడ్డవాళ్లు శానిటైజర్‌ను నీళ్లలో, కూల్‌డ్రింకుల్లో కలుపుకుని తాగారు.

షాపు మూసినంత మాత్రాన అలవాటు మూతపడదని కురిచేడు చూపించింది. బాగా ముదిరిన తాగుడును కేవలం బుద్ధి లేకపోవడం అనుకుంటే పొరపాటు. శరీరం, మెదడు రెండూ ఆ మత్తుకు అలవాటు పడిపోయిన జబ్బు అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని జబ్బుల జాబితాలోనే చేర్చింది. 2019లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన ఎయిమ్స్ సర్వే ప్రకారం మన దేశంలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది.

అలవాటా, జబ్బా? ఎలా గుర్తుపట్టాలి?

• పొద్దున్నే తాగకపోతే చేతులు వణకడం, చెమటలు పట్టడం, నిద్ర పట్టకపోవడం.
• ముందు సరిపోయిన మోతాదు ఇప్పుడు సరిపోకపోవడం.
• మానేస్తానని ఎన్నిసార్లు ఒట్టు పెట్టినా మళ్లీ మొదలుపెట్టడం.
• పనికి పోకపోవడం, ఇంట్లో డబ్బు, వస్తువులు మాయమవడం.
• పిల్లల్లో అయితే చదువు ఒక్కసారిగా పడిపోవడం, కొత్త స్నేహాలు, ఎర్రబడ్డ కళ్లు, బట్టలకు గంజాయి, వైట్‌నర్ లేదా పంక్చర్ సొల్యూషన్ వాసన.

వీటిలో ఒక్కటి కనబడగానే కంగారు పడక్కర్లేదు. రెండు మూడు కలిసి కొన్నాళ్లుగా ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించాలి.

ఒక్కసారిగా మాన్పిస్తే ప్రమాదం

చాలామందికి తెలియని విషయం ఇదే. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. 2 నుంచి 4 రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి, జ్వరం వస్తుంది. ఇంట్లోవాళ్లు దాన్ని గాలి సోకిందనుకుని తావీజు కోసం తిరుగుతారు. నిజానికి అది ప్రాణం మీదకు వచ్చే స్థితి. వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ మందులతో, విటమిన్ బి1 ఇంజెక్షన్లతో కాపాడగలుగుతారు.

రంజాన్ నెలలో ఇది మరీ ముఖ్యం. "రేపటి నుంచి రోజా, ఇక తాగను" అని మంచి మనసుతో ఆపేసేవాళ్లు ఉంటారు. మూడో రోజు చేతులు వణుకుతుంటే ఇంట్లోవాళ్లు రోజా నీరసమే అనుకుంటారు. రోజూ తాగే మనిషైతే రంజాన్‌కు రెండు మూడు వారాల ముందే డాక్టర్‌ని కలవడం మంచిది. జబ్బు పడ్డవాళ్లు రోజా వదిలి, తర్వాత పూర్తి చేసుకునే వెసులుబాటు దీన్‌లో ఉంది. డాక్టర్ చెప్పినదాన్ని ఇమామ్ సాబ్‌తో మాట్లాడి నిర్ణయించుకోవచ్చు.

గంజాయి మానితే ఇలా ఫిట్స్ రావు. చిరాకు, కోపం, నిద్రలేమి, ఆకలి లేకపోవడం మొదటి వారంలో ఎక్కువగా ఉండి రెండు వారాల్లో తగ్గుతాయి. గంజాయి అలవాటుకు ప్రత్యేకమైన మాత్ర లేదు, కౌన్సెలింగే అసలు చికిత్స.

కూరలో పొడి కలపొద్దు

"తెలియకుండా కూరలో కలపండి, తాగుడు మానేస్తాడు" అని అమ్మే పొడులు, మాత్రలు కొనొద్దు. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ అనే మందు ఒంట్లో ఉన్నప్పుడు మద్యం తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం జరుగుతాయి. ప్రాణం కూడా పోవచ్చు. అందుకే ఆ మందును మనిషికి చెప్పి, అతను ఒప్పుకున్నాకే వాడతారు.

ఎక్కడికి వెళ్లాలి?

చీమకుర్తి నుంచి ఒంగోలు సుమారు 20 కిలోమీటర్లు. పొదిలి రోడ్డు మీద బస్సులు ఉంటాయి. ఒంగోలులో జనం ఇప్పటికీ రిమ్స్ అనే పిలిచే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఓపీ చీటీ తీసుకుని, మానసిక వైద్య విభాగం ఎక్కడని అడిగితే చాలు. ఇంకా పెద్ద వైద్యం కావాలంటే గుంటూరు పెద్దాసుపత్రి, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి.

ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే:

• 14446: మత్తు అలవాట్ల కోసం కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్.
• 14416: టెలి మానస్. మానసిక సమస్యలకు తెలుగులోనూ మాట్లాడతారు.
• 1972: గంజాయి, డ్రగ్స్ అమ్మకాలపై సమాచారం ఇవ్వడానికి రాష్ట్ర పోలీసుల ఈగల్ విభాగం నంబరు.

ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్‌లో చేర్పించే ముందు రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్ట్ వస్తారా, ఇంట్లోవాళ్లు వచ్చి చూడొచ్చా అని అడగాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగిని గొలుసులతో కట్టేయడం నిషేధం. కొట్టి మాన్పిస్తామనే చోటికి పంపొద్దు.

పోలీసు కేసు అవుతుందా?

గంజాయి తాగే కొడుకును ఆసుపత్రికి తీసుకెళ్తే కేసు పెడతారని చాలామంది తల్లిదండ్రులు భయపడతారు. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచాలని 2017 చట్టమే చెబుతోంది. ఇక 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఎ సెక్షన్, మత్తుకు బానిసై తనంతట తాను చికిత్స కోరినవాళ్లకు రక్షణ ఇస్తుంది. వాడినందుకో, తక్కువ పరిమాణం దగ్గర ఉన్నందుకో కేసు ఉన్నా, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్స తీసుకుంటే శిక్ష నుంచి మినహాయింపు పొందొచ్చు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాళ్లకు ఈ రక్షణ లేదు. గంజాయి విషయంలో తక్కువ పరిమాణం అంటే 1 కిలో వరకు.

ఇంటికి వచ్చాక

ఒంట్లోంచి మత్తు దిగడానికి సాధారణంగా ఒకటి రెండు వారాలు చాలు. మనసులోంచి దిగడానికి నెలలు పడుతుంది. మళ్లీ ఒకసారి తాగాడంటే చికిత్స వృథా అయిందని కాదు. బీపీ, షుగర్ అదుపు తప్పితే మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లినట్టే దీనికీ వెళ్లాలి.

కొన్నాళ్లు పాత స్నేహాలకు దూరంగా ఉంచాలి. కూలీ డబ్బులు ఇంట్లో ఒకరి చేతికి వచ్చేలా అతనితోనే మాట్లాడి ఒప్పందం చేసుకోవాలి. పదిమందిలో పాత సంగతి ఎత్తి పొడవొద్దు. జుమాకు వచ్చినవాడిని "ఇప్పుడు గుర్తొచ్చిందా" అని అడగకుండా పక్కన చోటిచ్చే నలుగురు ఉంటే, అతనికి ఊళ్లో తలెత్తుకుని తిరగడం తేలికవుతుంది. బిరాదరీ పెద్దలు, మస్జిద్ కమిటీలు ముందు చేయగలిగిన సాయం డబ్బుతో కూడినది కాదు. ఒంగోలు బస్సెక్కేటప్పుడు ఆ తల్లికి తోడుగా ఒకరు వెళ్లినా చాలు.