పట్టేసిన భుజం, నూరేళ్ళ చరిత్ర

రెండేళ్ళ క్రితం దసరాలకి క్లాజెట్టు పై అరలోంచి బొమ్మలకొలువు పెట్టె దింపబోతే నా కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. అంతకు ముందు ఆరేడు నెలలుగా చొక్కా తొడుక్కున్నప్పుడల్లా కలుక్కుమంటూనే ఉంది. వయసుతో వచ్చే నొప్పేలే అని కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాయించుకుని కాలక్షేపం చేశాను. డాక్టరు చూసి, దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారనీ, షుగరు ఉన్నవాళ్ళలో ఎక్కువగా కనిపిస్తుందనీ చెప్పి, ఫిజికల్ థెరపీకి వెళ్ళమని చీటీ రాసిచ్చాడు. మాత్ర లేదు, సూది లేదు. నాకు కొంచెం చిన్నతనంగానే అనిపించింది. మిత్రుడొకాయనకి ఫోను చేస్తే, "ఏముందండీ, చెయ్యి పైకీ కిందకీ ఊపించి నలభై డాలర్లు కోపే పుచ్చుకుంటారు. ఆ ఊపేదేదో ఇంట్లోనే ఊపుకోండి" అన్నాడు.

మనవాళ్ళలో చాలామందికి ఉన్న అభిప్రాయమే ఇది. అందుకే అక్కడ ఏం జరుగుతుందో ముందు చెప్తాను. మొదటి రోజు దాదాపు గంటసేపు పట్టింది. అందులో సగం మాటలే. ఏ పక్కకి తిరిగి పడుకుంటారు, రాత్రి నొప్పికి మెలకువ వస్తుందా, ఇంట్లో బరువులెత్తే పని ఎవరిది? తరవాత ఆ అమ్మాయి, "మీకు ఏ పని మళ్ళీ చేసుకోవాలని ఉంది?" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఏ డాక్టరూ నన్నా ప్రశ్న అడగలేదు. పై అర అందుకోవాలనీ, ప్యాంటు వెనక జేబులోంచి పర్సు తీసుకోవాలనీ చెప్పాను. రెండూ రాసుకుంది. తరవాత చిన్నప్పటి జామెట్రీ పెట్టెలోని కోణమానినికి రెండు చేతులు తగిలించినట్టున్న ప్లాస్టిక్ పరికరంతో కొలిచింది. ఎడమచెయ్యి 170 డిగ్రీలు లేచింది, కుడిది 95. ఆపైన తన అరచేతిని నా చేతికి ఆనించి నెట్టమని, కాయితం మీద 4 అని వేసుకుంది. ఎంతకి నాలుగని అడిగితే, ఐదుకి అంది.

ఆ ఐదు మార్కులు ఎవరు పెట్టారో తెలుసుకోవాలనిపించి లైబ్రరీకి వెళ్ళాను. నేను అనుకున్నదానికన్నా కథ చాలా పెద్దది.

వ్యాయామంతో వైద్యం చెయ్యడాన్ని ఒక పాఠశాలగా నిలబెట్టినవాడు స్వీడన్‌కి చెందిన పేర్ హెన్రిక్ లింగ్. ఆయన కత్తిసాము నేర్పే గురువు. 1813లో స్టాక్‌హోమ్‌లో వ్యాయామ విద్యాసంస్థ పెట్టాడు. దాదాపు అదే కాలంలో పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఆవిరి స్నానాల శాల తెరిచి, ఒళ్ళు పట్టడంలో అంత పేరు తెచ్చుకున్నాడు, రాజు నాలుగో జార్జికే 'షాంపూయింగ్ సర్జన్' అయ్యాడు. మనం తలకి రుద్దుకునే షాంపూ అసలు హిందీ 'చంపీ' కుటుంబపు మాట, ఒళ్ళు పట్టడం అని అర్థం. అయితే మర్దనా పేరు చెప్పి వేరే వ్యాపారాలు చేసే ఇళ్ళు లండన్‌లో బాగా పెరిగిపోయి పత్రికలకి ఎక్కేసరికి, పరువు కాపాడుకోవడానికి 1894లో నలుగురు స్త్రీలు కలిసి శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘం పెట్టుకున్నారు. డాక్టరు చెప్పందే ఎవరికీ మర్దన చెయ్యకూడదని నియమం. నేను చేతిలో చీటీ పట్టుకుని వెళ్ళడానికి మూలం వెతుకుతూ పోతే, ఇలాంటి నియమాల దగ్గరే తేలుతుందనిపించింది.

అమెరికాలో ఈ వృత్తి యుద్ధంలో పుట్టింది. 1917లో మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగాక, కాళ్ళూ చేతులూ దెబ్బతిని తిరిగొచ్చే సైనికులని మళ్ళీ పనిలో నిలబెట్టడానికి సైనిక వైద్యశాఖ 'పునర్నిర్మాణ సహాయికలు' అని స్త్రీలని తీసుకుంది. 1918లో వాల్టర్ రీడ్ ఆసుపత్రిలో అలా మొదట చేరినావిడ మేరీ మెక్‌మిలన్. మసాచుసెట్స్‌లో పుట్టి, ఇంగ్లండులో పెరిగి, అక్కడే ఈ విద్య నేర్చుకుంది. తరవాత ఆరెగన్ రాష్ట్రంలోని రీడ్ కాలేజీలో వందలకొద్దీ అమ్మాయిలకి నేర్పింది. యుద్ధం ముగిసింది, ఉద్యోగాలు పోయాయి, నేర్చుకున్న విద్య మాత్రం చేతుల్లో ఉండిపోయింది. 1921 జనవరిలో న్యూయార్కులోని కీన్స్ అనే భోజనశాలలో కూర్చుని వాళ్ళు సంఘం పెట్టుకున్నారు. మెక్‌మిలన్ మొదటి అధ్యక్షురాలు. తరవాత ఆవిడ చైనా వెళ్ళి పెకింగ్ వైద్య కళాశాలలో పాఠాలు చెప్పింది. రెండో యుద్ధంలో మనీలాలో జపాను సైన్యానికి చిక్కి శాంటో టొమాస్ నిర్బంధ శిబిరంలో ఉంది. సైనికులకి నడక నేర్పిన ఈ సహాయికలని ప్రభుత్వం సైన్యంలో పనిచేసినవాళ్ళుగా ఒప్పుకున్నది ఎప్పుడో తెలుసా? 1981లో. అప్పటికి ఎంతమంది మిగిలి ఉంటారు!

ఇక నా నాలుగు మార్కుల సంగతి. అవి పోలియో పెట్టినవి. 1916లో ఈ దేశంలో పోలియో వచ్చి ఆరువేల మంది దాకా పోయారు. బతికిన పిల్లల్లో ఏ కండరం ఎంత మిగిలిందో తెలియాలి కదా. బోస్టన్‌లో డాక్టరు రాబర్ట్ లవెట్, ఆయన దగ్గర పనిచేసిన విల్హెల్మీన్ రైట్ చేత్తో నొక్కి కండరానికి అంకె వేసే పద్ధతిని తయారు చేశారు. ఇప్పటి సున్నా నించి ఐదు దాకా లెక్క ఆ వంశానిదే. 1921లో ముప్ఫైతొమ్మిదేళ్ళ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ని చూసి, ఇది పోలియో అని తేల్చి చెప్పిన డాక్టరు కూడా ఈ లవెట్టే.

అప్పట్లో చాలాచోట్ల పోలియో వచ్చిన చేతినీ కాలినీ చెక్కలకీ పట్టీలకీ కట్టి కదలకుండా ఉంచేవారు. దాన్ని ఎదిరించింది ఆస్ట్రేలియా నర్సు ఎలిజబెత్ కెన్నీ. ఆవిడని సిస్టర్ కెన్నీ అంటారు గానీ సన్యాసిని కాదు, సిస్టర్ అన్నది అక్కడి సైన్యంలో నర్సు హోదా. వేడినీళ్ళలో తడిపి పిండిన ఉన్ని కంబళి ముక్కలతో కండరానికి కాపడం పెట్టడం, పట్టు సడలాక మెల్లగా కదిలించడం, ఆ కదలికని రోగి చేతనే మళ్ళీ చేయించడం ఆవిడ పద్ధతి. 1940లో అమెరికా వచ్చి మినియాపొలిస్‌లో చేసి చూపించింది. ఆవిడ చెప్పిన కారణాలు డాక్టర్లు అందరూ ఒప్పుకోలేదు, ఆవిడ నోరు కూడా మంచిది కాదంటారు. కాని చెక్కలు మటుకు పోయాయి. ఇప్పటికీ ప్రతిసారీ నా భుజం మీద పది నిమిషాలు వేడి సంచీ పెట్టి తరవాతే పని మొదలుపెడతారు. ఆ సంచీ కింద పడుకున్నప్పుడల్లా నాకు మా నాన్నగారు గుర్తొచ్చేవారు.

1983లో మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. గోదావరి పక్క పల్లెటూరు మాది. కదిలిస్తే నరాలు తెగిపోతాయని ఊళ్ళో పెద్దలు చెప్పారు. ఎవరో పావురం నెత్తురు రాయమంటే అదీ రాశాం. మంచం మీద ఆయన్ని అపురూపంగా, కదలకుండా పడుకోబెట్టాం. ఆ సేవలో లోటు లేదు. మూడు నెలలయ్యేసరికి కుడి మోచెయ్యి ముడుచుకుని గుండెకి ఆనుకుపోయింది. తరవాత తొమ్మిదేళ్ళు బతికారు, ఆ చెయ్యి మళ్ళీ చాపలేదు. ఈ సంగతి చెప్పి, అదంతా జబ్బేనా అని ఆ అమ్మాయిని అడిగాను. "కొంత జబ్బు. కొంత కదపకపోవడం" అంది. రోజూ ఎవరైనా మెల్లగా చాపి ముడిచి ఉంటే కొంతైనా ఆగేదని చెప్పింది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. మనవాళ్ళు రాయవేలూరు అని పిలిచే ఊళ్ళో, మేరీ వర్గీస్ అనే డాక్టరు 1954లో కారు ప్రమాదంలో నడుము కింద భాగం చచ్చుబడిపోయినా, చక్రాల కుర్చీలోంచే కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేసింది. న్యూయార్కులో హోవార్డ్ రస్క్ దగ్గర శిక్షణ పొందింది. తిరిగెళ్ళాక, ఆవిడ ఆధ్వర్యంలో 1966లో అక్కడ పునరావాస కేంద్రం తెరిచారు. మా ఊరికి అది ఒక రాత్రి రైలు ప్రయాణం. కాట్పాడిలో దిగితే చాలు. 1983లో మా ఇంట్లో ఆ పేరు విన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఇంజనీరింగు చదువుతున్న నేనూ వినలేదు.

మనవాళ్ళు తప్పకుండా అడిగే డబ్బు సంగతి. ఇండియా నించి వచ్చిన తల్లిదండ్రుల విజిటరు ఇన్సూరెన్సుల్లో చాలావాటికి పాత జబ్బులకి థెరపీ కలవదు, ముందే అడిగి చూసుకోండి. మెడికేరులో 1997 చట్టం ఏడాదికి ఇంతకు మించి ఇవ్వమని పరిమితి పెట్టింది, 2018లో దాన్ని ఎత్తేశారు. డాక్టరు చీటీ లేకుండా నేరుగా వెళ్ళే వీలు నెబ్రాస్కాలో 1957 నించే ఉంది. ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లోనూ ఎంతో కొంత ఉంది, ఇన్సూరెన్సు ఒప్పుకోవడం మాత్రం వేరే ప్రశ్న.

అదే భవనంలో పై అంతస్తులో 'హోలిస్టిక్ వెల్‌నెస్' బోర్డు ఉంది. మా అమ్మాయి పుట్టినరోజు కానుకగా ఒక అపాయింటుమెంటు కొనిపెట్టింది. హోలిజం అన్న మాటని 1926లో తన పుస్తకంలో ప్రచారంలోకి తెచ్చినవాడు దక్షిణాఫ్రికా నాయకుడు జాన్ స్మట్స్. గాంధీగారిని జైల్లో పెట్టించి, ఆయన జైల్లో కుట్టిన చెప్పులు కానుకగా అందుకున్న స్మట్సే. వెల్‌నెస్‌కి ఇప్పటి అర్థం ఇచ్చింది హాల్బర్ట్ డన్ అనే అమెరికా డాక్టరు, ఆయన పుస్తకం 1961ది. పైన నన్ను నిద్ర గురించీ, తిండి గురించీ, దిగుళ్ళ గురించీ ఓపికగా అడిగారు. తరవాత ప్రాచీన భారతీయ రహస్యమని నువ్వులనూనె రాశారు. మా మామ్మ శనివారం తలంటుకి ఇంత బిల్లు ఎప్పుడూ వెయ్యలేదు! ఒళ్ళు తేలికయింది, రాత్రి బాగా నిద్రపట్టింది, భుజం మాత్రం ఒక్క డిగ్రీ లేవలేదు. వెళ్ళొద్దనను. కింద పనిచేసే అమ్మాయికి రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉంది. వెల్‌నెస్ అన్న బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. నూనె రాసే చేతికి ఏ లైసెన్సు ఉందో అడిగి వెళ్ళండి.

కింద మాత్రం ఐదు నెలలు వెళ్ళాను. మూడో వారంలో మానేద్దామనుకున్నాను, నొప్పి అలా ఉండేది. అక్కడ చేయించేది వారానికి రెండు గంటలు. అసలు పని ఇంట్లో, గోడ మీద వేళ్ళు పాకించడం, తువ్వాలు వీపు వెనక పట్టుకుని లాగడం, రోజుకి మూడుసార్లు. చివరిసారి కొలిచినప్పుడు 155 వచ్చింది.

పోయిన దసరాలకి బొమ్మల పెట్టె నేనే దింపాను. వెనక జేబులోంచి పర్సు మాత్రం ఇంకా ఎడమచేత్తోనే తీస్తున్నాను.