కేకు గిన్నెలో ఎన్ని రూపాయలు?

కలకత్తా న్యూమార్కెట్‌లోని నాహూమ్ బేకరీ 1902లో మొదలైంది. ప్లమ్ కేకులకు పేరుపొందింది. అంచులు మెలితిరిగిన కేకు అచ్చులో పిండి ఎంత పడుతుందో మీరెలా చెబుతారు? వ్యాసార్ధం, ఎత్తుల సూత్రం అక్కడ పనిచేయదు. నీళ్లు నింపి తూచడమే సులువు.

అయితే తూనికరాయి నమ్మదగినదై ఉండాలి కదా! ఒకప్పుడు సేరు ఊరికో తీరుగా ఉండేది. ఒక ఊరి సేరు లెక్కతో కలిపిన పిండి మరో ఊరి అచ్చులో పొంగిపొర్లవచ్చు. 1833లో, కలకత్తా టంకశాలలో పనిచేసిన జేమ్స్ ప్రిన్సెప్ (బ్రాహ్మీ లిపిని చదివిందీ ఈయనే) చొరవతో తులం 180 గ్రెయిన్లుగా, సేరు 80 తులాలుగా స్థిరపడ్డాయి. 1835 నాటి కంపెనీ రూపాయి బరువూ సరిగ్గా తులమే. అంటే 80 కొత్త రూపాయలుంటే సేరు రాయి ఉన్నట్లే!

ఇప్పుడు 6 అంగుళాల వ్యాసం, 2 అంగుళాల లోతు గల గుండ్రని గిన్నె తీసుకోండి. అందులో పట్టే నీరు దాదాపు 927 గ్రాములు. సేరేమో 933 గ్రాములు. ఆరు గ్రాములే తేడా! వ్యాసం 8 అంగుళాలైతే? పెరిగింది మూడోవంతే, కాని పట్టే నీరు పావు తక్కువ రెండు సేర్లు.

1956 చట్టంతో సేరు పోయి కిలోగ్రాము వచ్చింది. తూచే పద్ధతి మారలేదు: నీరు ఎన్ని గ్రాములో, గిన్నె అన్ని మిల్లీలీటర్లు. పిండి మాత్రం మూడింట రెండు వంతులే పోయండి, పొంగడానికి చోటు కావాలి.