మదనపల్లె సీమయు, కళాశాలా ప్రవేశ న్యాయమును

మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు పట్టణములును ఆంధ్రదేశపు దక్షిణపు కొసనున్న మెట్టసీమలోనివి. 1911 వఱకు మదనపల్లె కడప మండలమునందును, పుంగనూరు సంస్థానమును, కుప్పము చేరియున్న కంగుంది సంస్థానమును ఉత్తరార్కాటు మండలమునందును ఉండెడివి. ఆ యేట చిత్తూరు మండల మేర్పడగా మూడును దానిలో జేరెను. 1953 అక్టోబరు 1వ తేదీ వఱకు ఆ మండలము చెన్నరాష్ట్రమునకు లోబడినదే. కావున ఈ సీమ విద్యార్థి వైద్యమునో యంత్రశాస్త్రమునో అభ్యసింపగోరినచో చెన్నపురి ప్రభుత్వపు నిబంధనలే ఆతనికి ద్వారపాలకములు. ఆ నిబంధనలును, వానిపై నడచిన వ్యాజ్యములును ఈ వ్యాసమునకు విషయము.

మదనపల్లెలో 1915వ సంవత్సరమున అనిబిసెంటమ్మగారి పూనికచే కళాశాల వెలసెను. ఉన్నతవిద్యకు ఈ సీమలో అది గొప్ప యాధారమైనను, వైద్యవిద్యకు, యంత్రవిద్యకు మాత్రము దూరదేశమునకు బోవలసినదే. 1950 నాటికి రాష్ట్రమంతటికిని ప్రభుత్వ వైద్యకళాశాలలు నాలుగు, యంత్రకళాశాలలు నాలుగు మాత్రమే యుండెను.

ఆ కొలది స్థానములను పంచుటకు వాడబడిన కొలమానమే ‘కమ్యూనల్ జీ.ఓ.’ అని ప్రసిద్ధికెక్కిన ప్రభుత్వోత్తరువు. దీని మూలము 1921 నాటి జస్టిసు పక్ష ప్రభుత్వమునందున్నది. ఆ పక్షమున కగ్రనాయకులై ముఖ్యమంత్రిత్వము వహించిన పానుగంటి రామరాయణింగారు, అనగా పానగల్లు రాజావారు, కాళహస్తివారే. ఉద్యోగములును ఉన్నతవిద్యయు ఒక్క వర్ణమువారి చేతనే యధికముగా నుండుట యన్యాయమని ఆ పక్షమువారి వాదము. ఉద్యోగములకై పుట్టిన యీ పద్ధతి క్రమముగా కళాశాలలకును వ్యాపించెను. 1950 నాటికి ప్రతి 14 స్థానములలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియనులకును దేశీయ క్రైస్తవులకును కలిపి 1, ముసల్మానులకు 1 చొప్పున నియమము.

1950 జనవరి 26న రాజ్యాంగ మమలులోనికి వచ్చెను. జూను 7వ తేదీన చంపకం దొరైరాజన్ అను నామె చెన్నపురి హైకోర్టు నాశ్రయించెను. వైద్యకళాశాలలో చేరుటకు ఆమె యింకను దరఖాస్తు పెట్టలేదు. తన వర్ణమును బట్టి ప్రవేశము దొరకదని విచారణవలన నెఱిగి వ్యాజ్యమునకు దిగెను. శ్రీనివాసన్ అను మఱియొక విద్యార్థి యంత్రకళాశాలా ప్రవేశమునకై అర్థించెను. ఆతనికి గణనీయ విషయములలో 450కి 369 గుణములు వచ్చియుండెను. తెలుగు నాటకకర్తగాను పేరొందిన పాకాల వేంకట రాజమన్నారుగారు ప్రధాన న్యాయమూర్తిగా నున్న ధర్మాసనము 1950 జూలై 27న ఉత్తరువు చెల్లదని తీర్పు చెప్పెను. సుప్రీముకోర్టు 1951 ఏప్రిల్ 9న దానిని స్థిరపఱచెను. జాతి, మతము, కులము మాత్రమే కారణముగా ప్రభుత్వ విద్యాలయమున ప్రవేశము నిరాకరింపరాదను 29(2)వ యధికరణమే యాధారము. బలహీనుల విద్యాభివృద్ధిని గోరు 46వ యధికరణము ప్రాథమిక హక్కులను త్రోసివేయజాలదని యా న్యాయస్థానము నిర్ణయించెను.

ఇచట నొక లెక్క గమనింపదగును. వైద్యకళాశాలల స్థానములు 330. పరరాష్ట్రీయులకు 17, ప్రభుత్వ విచక్షణకు 12 పోగా మిగిలినవి 301. అందు పదునాలుగింట రెండు పాళ్లనగా 43. ఆంధ్ర, తమిళ, మలబారు, దక్షిణ కన్నడ మండలములలోని హరిజన విద్యార్థులందఱకును 43, బ్రాహ్మణులకును అంతియే. వ్యాజ్యము కులముల నడుమ నడచినను, దాని వేరు స్థానముల కొఱతయందే యున్నది.

తీర్పు వెలువడిన పిమ్మట 1951 జూనులో ప్రథమ సవరణముచే 15(4)వ యధికరణము చేర్పబడెను. సాంఘికముగాను విద్యావిషయమునను వెనుకబడిన తరగతులకు ప్రత్యేక ఏర్పాటులు చేయుట కది యవకాశ మొసగెను. అంతటితో వివాద మడగలేదు; ‘వెనుకబడినవా రెవరు?’ అను ప్రశ్నగా మాఱెను. 1968లో పి. సాగరు వ్యాజ్యమున, కేవలము కులము నాధారముగా గొని తగిన విచారణ లేక కూర్చిన ఆంధ్రప్రదేశపు పట్టికను సుప్రీముకోర్టు త్రోసిపుచ్చెను. అప్పుడు అనంతరామన్ సంఘము విచారణ సల్పి 1970లో నివేదిక నిచ్చెను. తదనుసారముగా వెలువడిన యుత్తరువు వెనుకబడిన తరగతులను నాలుగు వర్గములుగా విభజించి నూటికి 25 స్థానములు కేటాయించెను. హైకోర్టు దానిని కొట్టివేసినను, 1972లో బలరాము వ్యాజ్యమున సుప్రీముకోర్టు నిలిపెను. ఓడిన పక్షము విచారణ చేసి, సాక్ష్యము కూర్చి తిరిగి రాగా న్యాయస్థాన మంగీకరించుట ఈ రెండు తీర్పుల నడుమనున్న భేదము.

కులమువలెనే స్థలమును కొలమానమైనది. 1968లో రాజేంద్రన్ వ్యాజ్యమున, మండలముల వారీగా వైద్యస్థానములను పంచిన మద్రాసు పద్ధతి సమానతకు విరుద్ధమని తేలెను. ఆంధ్రప్రదేశమునందు మాత్రము 371-డి యధికరణమును, 1974 నాటి రాష్ట్రపతి యుత్తరువును నూటికి 85 స్థానములు స్థానికులకని విధించెను. చిత్తూరు మండలము శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతమున జేరెను. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేండ్లు ఆ ప్రాంతమున చదువుట ముఖ్యలక్షణము. కుప్పము తమిళ కన్నడ సీమల కూడలి. అచటి బాలుడు పొరుగు రాష్ట్రమున ఆ నాలుగేండ్లు చదివెనేని, పుట్టినయూరు మాఱకున్నను ఈ లక్షణమునకు దూరమగును. గీత గీయుట సులభము. గీతపై నివసించువారికే దాని పదును తెలియును.

అమెరికాలోను వర్ణమును గణించు ప్రవేశములపై 1978లో నొక తీర్పును, 2023లో దానికి భిన్నమగు తీర్పును వెలువడెను. ఎచటనైనను ప్రశ్న యొక్కటియే: పూర్వపు టన్యాయమును దిద్దుటకు నేటి విద్యార్థి నేమని కొలువవలెను? గుణములే చాలునన్నచో బడి లేని పల్లెను మఱచినట్లగును. కులమే చాలునన్నచో విద్యార్థినే మఱచినట్లగును. నేడు కుప్పమునందే వైద్యకళాశాల యున్నది. 1950 నాటి లెక్కలతో దీనిని పోల్చినచో, పంచుకొను విధమువలెనే పెంచుకొను విధమును న్యాయములో భాగమని విజ్ఞులు గ్రహింతురు గాక.