పేరెరుగని పాట

కచ్చేరి యనగానే, మండపేటలో గాని గోదావరి కాలువల వెంబడినున్న మరే ఊరిలో గాని, మనము మొదట అడుగునది "పాడువా రెవరు?" అని. ఎరిగిన పేరైనచో బయలుదేరుదుము. కానిచో ఇంటనే యుందుము. మరి ఎరుగని పేరు ఎరిగిన పేరగుట ఎట్లు?

దీనికి మన సీమ చరిత్రయే సమాధానము. 1930లో కోనసీమలోని శంకరగుప్తమున జన్మించిన మంగళంపల్లి మురళీకృష్ణ, ఎనిమిదేండ్ల ప్రాయమున, గురువులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు విజయవాడలో జరిపిన త్యాగరాజ ఆరాధనోత్సవమున పాడెను. హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారుగారు ఆ పేరునకు ముందు 'బాల' అని చేర్చిరి. లోకమున నిలిచినది ఆ పేరే.

మండపేటకు చేరువనున్న ద్రాక్షారామమున 1922లో జన్మించిన ఈమని శంకరశాస్త్రిగారు వైణికులై, ఆకాశవాణి ఢిల్లీ కేంద్రమున జాతీయ వాద్యబృందమును నడిపిరి. కాకినాడలో 1936లో జన్మించిన వైణికులు చిట్టిబాబుగారు వారి శిష్యులే.

1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రము వెలసిన పిదప, కొత్త గొంతును ఇంటనుండియే వినగలిగితిమి. అయితే రేడియో పాటను మనకు చేర్చునే గాని, మన 'భళా'ను గాయకునికి చేర్చదు. పందిరిలో తలయూచు శ్రోతను చూచి గాయకుడు మరొక సంగతి వేయును. రాగమును ఇంకొంత పెంచును. కొత్తవానికి ఆ తలయూపే తొలి సంభావన.

కనుక ఈసారి వేదికపై పేరెరుగని బృందము కూర్చుండినచో, ఒక్క కీర్తన ముగియువరకైనను లేవకుడు. ఆనాడు విజయవాడ సభలో కూర్చుండిన వారిలో ఎందరికో ఆ బాలుడును కొత్తవాడే.