లెక్క అడిగేవాడి జీతం

ప్రభుత్వోద్యోగాలు అనగానే మన ఐటీ జనాలు ఒకటే మాట అంటారు: "అంతమంది ఎందుకండీ, ఓ సాఫ్ట్‌వేర్ పెడితే పోలా?" పన్నుల శాఖ విషయంలో ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో వికారాబాద్, తాండూరు చరిత్ర చూస్తే తెలుస్తుంది.

1853లో సాలార్‌జంగ్ దివాన్ అయ్యేనాటికి నైజాం ఖజానా ఖాళీ. అప్పుల కింద బీరారు ఆ ఏడాదే కంపెనీ చేతికి పోయింది. శిస్తు వసూలంతా గుత్తకిచ్చేవాళ్ళు. గుత్తేదారు రైతుని ఎంత పిండాడో, సర్కారుకి ఎంత ఎగ్గొట్టాడో అడిగే నాథుడు లేడు. సాలార్‌జంగ్ గుత్తలు తీసేసి, 1865లో జిలాబందీ చేసి, జీతం మీద పనిచేసే తాలూక్‌దార్లని, తహసీల్దార్లని పెట్టాడు. ఖర్చు పెరిగింది, నిజమే. కానీ లెక్క సర్కారు చేతికొచ్చింది, దాంతో ఖజానా కోలుకుంది.

వికారాబాద్ మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. అది వికార్-ఉల్-ఉమ్రా పేరు మీద వెలిసిన ఊరు, పైగా జాగీరు. అక్కడి వసూళ్ళు పైగా వాళ్ళవే. 1949లో జాగీర్లు రద్దయ్యాకే సర్కారు చేతికొచ్చాయి.

తాండూరు కథ వేరు. 1956 దాకా అది గుల్బర్గా జిల్లా. ఆ ఏడాది గుల్బర్గా మైసూరుకి వెళ్తే, తాండూరు ఆంధ్రప్రదేశ్‌కి వచ్చింది. కందులు, నాపరాళ్ళు గీతకి రెండువైపులా ఒకటే, అమ్మకం పన్నులు మాత్రం రెండు. ఇలాంటి సరిహద్దుల్లో పాత ఎత్తు ఒకటుంది: సరుకు ఇక్కడే అమ్మి, పక్క రాష్ట్రానికి పంపినట్టు బిల్లు రాయడం. 2008 జూన్ నుంచి సి-ఫారం ఉంటే 2 శాతమే కదా! లారీ ఆపి చూస్తే తప్ప దొరకదు. చెక్‌పోస్టుల్లో మామూళ్ళు ఉండేవి, కాదనను. అయినా చూసే మనిషి ఉన్నాడు.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది, చెక్‌పోస్టులు పోయాయి. ఇప్పుడు లారీ కదలక్కర్లేదు. 18 శాతం పన్నున్న సరుకుకి కోటి రూపాయల ఉత్తుత్తి బిల్లు పుట్టిస్తే 18 లక్షల క్రెడిట్. సిస్టమ్ తేడా చూపిస్తుంది, సరే. ఆ అడ్రసులో గోడౌన్ ఉందో, తాళం వేసిన గది ఉందో ఎవరెళ్ళి చూడాలి? తెలంగాణలో ఎగవేతలు బయటపడకుండా సాఫ్ట్‌వేర్ రిపోర్టులనే తొక్కిపెట్టారన్న ఆరోపణ మీద 2024లో కేసే నమోదైంది.

గుత్తేదారూ మనిషే, తహసీల్దారూ మనిషే. ఒకడికి వాటా, ఇంకొకడికి జీతం, పైన తనిఖీ. తేడా అంతే. కాబట్టి ఊరికే మందిని పెంచమనడం లేదు.

మనం రాసే క్వెరీ ఒక వరుస చూపించి ఆగిపోతుంది. తర్వాత నోటీసు, విచారణ, ఆర్డరు, అప్పీలు. ప్రతి మెట్టు మీదా ఒక ఆఫీసరు కావాలి. చట్టంలో దానికో గడువుంది, అది దాటితే పన్ను పోయినట్టే. ఖాళీ కుర్చీ వల్ల మిగిలిన జీతం బడ్జెట్లో కనిపిస్తుంది. దాని వల్ల పోయిన పన్ను ఏ పద్దులోనూ కనిపించదు.