దవడల ముందువెనుకల కొలతలు

పై దవడతో పోలిస్తే కింది దవడ ఎంత ముందుకు, ఎంత వెనక్కి ఉందో చెప్పే కోణాలు, దూరాలు ఇవి. ఎత్తుపళ్ళకు క్లిప్పులు వేసేముందు లోపం పళ్ళలో ఉందా, ఎముకలో ఉందా అని తేల్చుకోవడానికి ఆర్థోడాంటిస్టులు వీటిని చూస్తారు. తల కదలకుండా నిలిపి పక్క నుంచి తీసే ఎక్స్‌రే, అంటే సెఫలోగ్రామ్, వీటికి ఆధారం.   

అన్నిటికన్నా వాడుకలో ఉన్నది ఏఎన్‌బీ కోణం. 1952లో రీడెల్ ప్రతిపాదించగా, స్టైనర్ ప్రచారంలోకి తెచ్చాడు. పై దవడ కోణం 82 డిగ్రీలు, కింది దవడ కోణం 80 అయితే వాటి తేడా 2; ఆ తేడాయే ఏఎన్‌బీ, 2 దాని ప్రమాణం. చిక్కు ముఖ్యంగా ఈ కోణాలకు శీర్షమైన, ముక్కు మొదట్లోని నేసియాన్ బిందువుతోనే. అది కాస్త ముందుకు ఉంటే, దవడలు ఉన్నచోటే ఉన్నా కోణం తగ్గిపోతుంది. దవడలు తిరిగి ఉన్నా లెక్క మారుతుంది.

ఈ చిక్కు తప్పించడానికి జాకబ్సన్ 1975లో విట్స్ కొలతను తెచ్చాడు. పళ్ళు కలిసే తలం మీదికి రెండు దవడల నుంచీ లంబాలు గీసి, మధ్య దూరం కొలుస్తారు. సగటున ఆడవారిలో 0, మగవారిలో మైనస్ 1 మిల్లీమీటరు. దీని పేరు జోహన్నెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది.  అయితే పాలపళ్ళు ఊడుతున్న పిల్లల్లో ఆ తలాన్ని సరిగ్గా గుర్తించడం కష్టం.

2004 నాటి బీటా కోణానికి (27–35 డిగ్రీలు మామూలు) కింది దవడ కీలు స్పష్టంగా కనబడాలి. ఎక్స్‌రేలో అది తరచూ మసకగా ఉంటుంది. కర్ణాటకలోని మంగళూరు యెనెపోయ దంత కళాశాలలో పుట్టిన యెన్ కోణం 2009లో వెలువడింది. 117–123 డిగ్రీలు మామూలు; అంతకన్నా తగ్గితే కింది దవడ వెనక్కి ఉన్నట్టు, పెరిగితే ముందుకు ఉన్నట్టు. నేసియాన్‌తోగానీ పళ్ళ తలంతోగానీ దీనికి పని లేదు. కానీ దవడ తిరుగుడు దీన్నీ తప్పుదారి పట్టించగలదు. ఆ లోపాన్ని సరిదిద్దేందుకు వచ్చిందే 2013 నాటి డబ్ల్యూ కోణం (51–56 డిగ్రీలు).

ఏ ఒక్క కొలతా ఒంటరిగా సరిపోదు. ఏఎన్‌బీ, విట్స్ ఏకీభవించనప్పుడు యెన్ లేదా డబ్ల్యూ చూసి, రోగి ముఖాన్నీ పరిశీలించాకే పళ్ళు తీయడమో శస్త్రచికిత్సో నిర్ణయించాలి.