మడమ క్రింది స్విచ్చి

పక్షవాతము తగిలి, కొంత కోలుకొని లేచి తిరుగువారిలో పలువురికి పాదము మాత్రము స్వాధీనమునకు రాదు. అడుగు వేయబోవునపుడెల్ల వ్రేళ్ళు నేలను రాచుకొనుచుండ, తుంటిని పైకెత్తి, కాలిని ప్రక్కగా త్రిప్పి ముందునకు వైచుకొనవలసి వచ్చును. వైద్యులు ఫుట్‌డ్రాప్ అనెడి ఈ యవస్థకు చిరకాలము గతియైనది పాదమును కదలనీయక పట్టి యుంచు కాలిబందు. అయితే ఇచ్చట చెడినది ఆజ్ఞ పంపవలసిన మస్తిష్కమే గాని, మోకాలి వెలుపలి ప్రక్క చేతికి తగులు ఎముక గుబ్బను చుట్టుకొని, చర్మమునకు చేరువగా దిగు పెరోనియల్ నరము గాదు. (కుష్ఠువ్యాధిలో పాదము వ్రేలబడుట వేరు; అచ్చట ఆ నరమే చెడును గనుక ఇక చెప్పబోవు విద్యుచ్చికిత్స చెల్లదు.)

1961లో అమెరికాలో లిబర్సన్ అను వైద్యుడు సహచరులతో గూడి ప్రకటించిన వ్యాసమునకు, మస్తిష్కము చెడినను నరము చెడలేదను ఈ భేదమే ఆధారము. ఆయన చర్మముపై ఎలక్ట్రోడుల నంటించి, బూటులో మడమ క్రింద ఒక స్విచ్చి నమర్చెను. మడమ నేల నానియున్నంతసేపు విద్యుత్తు నరమునకు చేరదు. మడమ లేచిన తత్క్షణమే చేరి పాదమును పైకి లేపును. మరల ఆనగానే ఆగిపోవును. కండరమును విద్యుత్తుతో కదలించుట గాల్వానీ నాటినుండి తెలిసిన విద్యయే. దానిని నడకలోని సరియైన క్షణమునకు ముడివేయుటయే లిబర్సన్ ఘనత యని నా యభిప్రాయము. కొంతకాలము వాడిన పిదప, యంత్రము తీసివేసినను కొందరు పాదమును తమంతట లేపగలుగుటను గూడ ఆయన గమనించెను. పిమ్మట యుగోస్లావియాలోని ల్యూబ్లియానా నగరమున వొదోవ్నిక్, గ్రచానిన్ ప్రభృతులు ఈ మార్గమున చాల కృషి సల్పిరి.

చిక్కంతయు చర్మముతోనే వచ్చెను. ప్రతి ఉదయము ఎలక్ట్రోడును తగినచోటనే అంటించుకొనవలెను. చోటు కొంచెము తప్పినను పాదము లేచుటకు మారు లోపలికో వెలుపలికో మెలితిరుగును. ఒక చేయి కూడ స్వాధీనములో లేనివారికి ఇది యెంత ప్రయాసమో వేరుగ చెప్పనక్కరలేదు. దానికి తోడు చర్మము చురచురలాడును, ఎఱ్ఱబారును.

ఈ చిక్కు తప్పవలెనన్న ఎలక్ట్రోడులు చర్మము క్రిందికే పోవలెను. 1958లో స్టాక్‌హోమున, గుండెను నడుపు పేస్‌మేకరు తొలిసారి మనుష్యదేహమున నిమిడినది. ఆ త్రోవనే కాలిఫోర్నియాలోని రాంచో లాస్ అమిగోస్ ఆస్పత్రిలో వాటర్స్, మెక్‌నీల్, జాక్వెలిన్ పెర్రీ గార్లు నరము చెంతనే ఎలక్ట్రోడుల నుంచి, చర్మము క్రింద రేడియో గ్రాహకమును దాచి, 1975లో తమ ఫలితములను ప్రకటించిరి. తరువాతి తరములో నెదర్లాండ్స్‌వారు ఆ నరము చీలిన రెండు శాఖలకును వేర్వేరుగ విద్యుత్తు నందించిరి: లోతైన శాఖ పాదము నెత్తును, పైశాఖ దానిని వెలుపలికి త్రిప్పును, రెంటిని తూచి నడిపినచో పాదము తిన్నగా లేచును. డెన్మార్కువారు తొడలోనే, నరము చీలకమున్నే, దానిచుట్టు బహుముఖమైన పట్టీని తొడిగిరి.

ఇంత జరిగినను ఈ పరికరములకు శక్తి బయటినుండియే రావలెను. మడమ స్విచ్చియు చాలవరకు పాదరక్షను విడువలేదు. గడప కడనే చెప్పులు విడుచు మన యిండ్లలో ఇది చిన్న యిబ్బంది గాదు. కెనడాలో రిచర్డ్ స్టైన్ బృందము రూపొందించిన, చర్మముపై ధరించు వాక్‌ఎయిడ్ అను పరికరము మాత్రము పిక్క వాలును బట్టి అడుగును గుర్తించును గావున, వట్టికాళ్ళతో తిరుగువారికిని పనికివచ్చును.